భిక్షపతికి వేసిన మార్కులు

రెజ్లింగ్ అంతా ఉత్తుత్తిదే కదండీ అని నవ్వేవాళ్ళతో నేను వాదించను. వాళ్ళ తెలివి అంతవరకే. ఎవడు గెలవాలో ముందే రాసి ఉంటుందని పసిపిల్లలకీ తెలుసు. అది తెలిసి కూడా మన గుండె ఒక్క క్షణం ఆగేలా పడేవాడెవడు, బియ్యం బస్తాలా పడేవాడెవడు అన్నదే చూడాలి. అది చూడ్డానికి కన్ను కావాలి. ఆ కన్ను నాకుంది. ఈ ఊళ్ళో ఇంకొకరికి ఉందని నేను అనుకోను.

నా పేరు ఉదయలక్ష్మి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇంటర్ కాలేజీలో ఇరవై ఆరేళ్ళుగా జువాలజీ చెబుతున్నాను. మాది తెనాలి దగ్గర. కేబుల్ టీవీ వచ్చిన కొత్తలో అన్నయ్యలు రెజ్లింగ్ పెట్టుకుంటే, ఆడపిల్ల చూసేది కాదని మా అమ్మ హనుమాయమ్మ నన్ను వంటింట్లోకి తోలేది. నేను గుమ్మం పక్కన నిలబడి వంకాయలు తరుగుతూ వాళ్ళిద్దరి కంటే ఎక్కువ నేర్చుకున్నాను. ఇప్పుడు ఫేస్‌బుక్‌లో నాకో పేజీ ఉంది, ‘ఉదయలక్ష్మి మార్కులు’ అని. ప్రతి ఆటకీ, ప్రతి ఆటగాడికీ పదికి ఇన్నని వేస్తాను. పద్నాలుగు వేలమంది చదువుతారు. మా ఆయన వెంకట్రావు మాత్రం చదవరు. నేను రాసింది చదివితే ఆ పూట అన్నం సయించదట.

పరీక్ష పేపర్లు దిద్దేచోట కూడా నాకు అదే పేరు. అర మార్కు ఉదారంగా వేసిన పాపాన పోలేదు. తప్పు తప్పే. జాలితో మార్కు వేస్తే, కష్టపడి రాసినవాడి నోట్లో మట్టి కొట్టినట్టే.

మన వైపు కూడా రెజ్లింగ్ కంపెనీ ఒకటి ఉంది, ‘దక్కన్ దెబ్బ’ అని. ఎల్బీ నగర్ దాటాక సాగర్ రోడ్డులో ఒక ఫంక్షన్ హాల్లో ఆడతారు. అది కూడా ముహూర్తాలు లేని రోజుల్లోనే. ఆషాఢం, మూఢం వస్తే ఊళ్ళో అందరూ శుభకార్యాలు లేవని నిట్టూరుస్తారు, నేను క్యాలెండర్లో గుర్తు పెట్టుకుంటాను. అప్పుడు హాలు ఖాళీగా ఉంటుంది, చవగ్గా ఇస్తారు. వధూవరులు నడిచొచ్చే పూల తోరణం కిందనుంచే ఈ పహిల్వాన్లు నడిచొస్తారు. నడిపేవాడు ప్రసన్నకుమార్. ఒకప్పుడు పెళ్ళిళ్ళలో పాటలు పెట్టేవాడు. ఆటగాళ్ళే బల్లలు మోసి, తాళ్ళు బిగించి, రింగు తామే కట్టుకుంటారు.

ఆ ఆటగాళ్ళ గురించి నా అభిప్రాయం దాచుకోవాల్సిందేమీ లేదు. నాగోల్ నుంచి అభిలాష్ అని ఒకడొస్తాడు. ఒంటికి నూనె రాసుకోవడంలో పదికి పది, మిగతా అన్నిట్లో రెండు. దెబ్బ తగలకముందే మూలుగుతాడు. ఇక కంపెనీకి హీరో కార్తీక్. నాదర్‌గుల్‌లో వాళ్ళ ఇంటి మీదుగా విమానాలు నేర్చుకునేవాళ్ళు చక్కర్లు కొడతారని, ప్రసన్నకుమార్ వాడికి తెల్ల యూనిఫారం కుట్టించి ‘కెప్టెన్’ అని పేరు పెట్టాడు. తాళ్ళ మీదికెక్కి, రెక్కల్లా చేతులు చాపి, కిందున్నవాడి మీదికి దూకుతాడు. జనం ఊగిపోతారు. నేను వాడికి ఎనిమిది దాకా వేశాను.

ఆ కిందున్నవాడు భిక్షపతి.

భిక్షపతి ఆటోనగర్లో లారీల టైర్లు మారుస్తాడు. రింగులోకి కూడా మెడలో టైరు వేసుకునే వస్తాడు. విలన్ వాడే. ఆరేళ్ళలో అరవై ఒక్క ఆటలు ఆడాడు, అరవై ఒకటీ ఓడాడు. వాడి పని ఓడడమే. మీదికి దూకేవాడి బరువు తన చేతులతో ఆపి, చూసేవాళ్ళకి మాత్రం ఛాతీ పగిలిందనిపించాలి. కెప్టెన్ కార్తీక్ ఆడిన మంచి ఆటలన్నీ భిక్షపతితో ఆడినవే. వేరేవాడితో ఆడినప్పుడు ఆ కెప్టెన్ గోడ దిగే పిల్లిలా ఉంటాడు. ఈ సంగతి హాల్లో నాకొక్కదానికే తెలుసు, నేను ఒక్కసారి కూడా రాయలేదు. రాస్తే భిక్షపతి అక్కడితో ఆగిపోతాడని నా భయం. వాడికి ఏడు దాటి ఎప్పుడూ వేయలేదు.

ఆట అయ్యాక చెమటలు తుడుచుకుంటూ నా కుర్చీ దగ్గరికొచ్చేవాడు. “మేడమ్, ఎన్ని?”

“ఆరున్నర.”

“ఏడ తప్పయింది మేడమ్?”

చెప్పేదాన్ని. వాడు పాఠంలా వినేవాడు, మళ్ళీ ఆటకి దిద్దుకొచ్చేవాడు. నా క్లాసులో తొంభై మంది ఉన్నారు, అలా విన్న పిల్ల ఒక్కతీ లేదు. మొదట్లో, భుజాలు నేలకానాయని రిఫరీ మూడు లెక్కపెట్టి ఓడించగానే లేచి నిక్కరు సర్దుకునేవాడు. ‘ఓడినవాడు, గెలిచినవాడి కోసం హాల్లో వేసే పాట పూర్తయ్యేదాకా శవం. శవం నిక్కరు సర్దుకోదు’ అని పేజీలో రాశాను. నాలుగు వందల మంది నవ్వారు. ఆ తర్వాత వాడు పాట ఆగేదాకా కనురెప్ప కదిపింది లేదు.

ఈ ఆషాఢంలో కార్తీక్‌ని పంజాబ్‌లో ఒక పెద్ద కంపెనీ వాళ్ళు తీసుకున్నారు. ఈ ఆటలో ఒక పాత ఆచారం ఉంది, ప్రపంచమంతా పాటిస్తారు. కంపెనీ వదిలి పోయేవాడు ఆఖరి ఆట ఓడి పోవాలి. తన పేరు కొంత ఇక్కడే వదిలి వెళ్ళాలన్నమాట. ఎవడి చేతిలో ఓడాలి? ఆరేళ్ళుగా మోసినవాడి చేతిలో. అలా భిక్షపతికి మొదటి గెలుపు ఖాయమైంది. ప్రసన్నకుమార్ వాడికి మాటిచ్చాడు.

గురువారం నాకు ఫోన్ చేశాడు. ఏదైనా పెద్ద నిర్ణయముంటే నన్ను అడగడం వాడికి అలవాటు.

“వద్దు ప్రసన్నా,” అన్నాను.

“అదేంటండీ? ఆచారం కదా?”

“ఆచారం సమానంగా ఉన్నవాళ్ళకి. వీడు గెలవలేడని ఆరేళ్ళు జనానికి చూపించావు. ఇప్పుడు గెలిపిస్తే కెప్టెన్ కావాలని పడుకున్నాడంటారు. పైగా గెలిచిన మొహం ఎలా పెట్టాలో వాడికి రాదు. మర్నాటి నుంచీ వాడు ఓడితే చూడబుద్ధి కాదు, గెలిస్తే నమ్మబుద్ధి కాదు. ఉన్న ఒక్క పనివాణ్ణీ పాడుచేసుకుంటావు.”

“మాటిచ్చానండీ. ఇప్పుడెలా చెప్పను వాడికి?”

“చెప్పకు. గెలుస్తానన్న ఆశ వాడి మొహంలో నిజంగా ఉండాలి. మధ్యలో రిఫరీతో చెవిలో చెప్పించు.”

ఇది నేనే అన్నాను. ఎవరో అన్నారని తప్పుకునే అలవాటు నాకు లేదు. ఆ మాట అంటున్నప్పుడు నాకు ఎంత హాయిగా ఉందో కూడా చెప్పాలి. మంచి ఆట ఒకటి కళ్ళముందు కనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండింది. ముందు వరసలో నా కుర్చీలో కూర్చున్నాను. భిక్షపతి మెడలో టైరు లేకుండా, మామూలు చొక్కాతో ఒక పెద్దావిడని వెంటబెట్టుకుని వచ్చాడు.

“మేడమ్, మా అమ్మ అండాలమ్మ. చిట్యాల కాడికెల్లి పొద్దుగాల బస్సుకొచ్చింది. జర మీ పక్కన కూసోబెట్టుకోండ్రి. గివన్నీ ఆమెకెర్క లేదు.” గొంతు తగ్గించి, “ఇయ్యాల మీరు గూడ ఖుష్ అయితరు మేడమ్,” అన్నాడు. వాడి మొహం చూడలేక చెప్పులవైపు చూశాను.

అండాలమ్మ నా పక్కన కూర్చుని చెప్పులు విప్పి కుర్చీ కింద పెట్టుకుంది. ఒడిలో ప్లాస్టిక్ కవరు. అందులో బంతిపూల దండ.

“ఎవరికమ్మా దండ?”

“ఇంకెవలికి బిడ్డా, మావోనికే. గెలిచినంక మెడల ఏస్త. ఆరేండ్ల సంది ఒస్తనంటుంటె, నువ్వు సూడలేవే అమ్మా, రాకు అంటుండె. మొన్న ఆడే ఫోన్ జేసి రమ్మన్నడు. పట్నంల నా కొడుకు గెలువని దినం లేదని ఊరంత జెప్పుకున్న. కండ్లార ఒక్కపారి సూస్తె సాలు.”

అదీ సంగతి. ఆరేళ్ళుగా ఓడినప్పుడల్లా ఇంటికి ఫోన్ చేసి గెలిచానని చెప్పుకున్నాడు. నిజంగా గెలిచే రోజు వచ్చిందని తల్లిని పిలిపించాడు.

ఫోన్ నా చేతిలోనే ఉంది. ప్రసన్నకుమార్ తెర వెనకే ఉన్నాడు. ‘మార్చకు, వాణ్ణే గెలవనీ’ అని ఒక్క ముక్క పంపితే సరిపోయేది. టైప్ చేశాను కూడా. నాకు ఆవిడ మీద జాలి కలిగింది. ఆ జాలి మీద ఒళ్ళు మండింది. తల్లి వచ్చిందని మార్కులు కలుపుతారా? అలాగైతే నా క్లాసులో తల్లి లేని పిల్ల ఎవరు? రాసింది చెరిపేసి ఫోన్ సంచిలో పెట్టేశాను.

ఆట మొదలైంది. అంత మంచి ఆట నేను ఎల్బీ నగర్లో చూడలేదు, టీవీలోనూ అలాంటివి కొద్దే చూశాను. భిక్షపతి మొహంలో ఆశ నేననుకున్నదానికంటే పదింతలు ఉంది. రెండుసార్లు కెప్టెన్‌ని కింద పడేసి భుజాలు అదిమిపెట్టాడు, రిఫరీ రెండు దాకా లెక్కపెట్టాడు. ఆరేళ్ళుగా వాణ్ణి తిట్టినవాళ్ళే కుర్చీల మీదికెక్కి వాడి పేరు అరిచారు. అండాలమ్మ నా మోచెయ్యి పట్టుకుని పిండేసింది.

పన్నెండో నిమిషంలో ఇద్దరూ కింద పడ్డారు. రిఫరీ వంగి, భిక్షపతి కన్ను పైకెత్తి చూస్తున్నట్టు నటిస్తూ చెవిలో చెప్పాడు.

వాడి మొహం అర క్షణం ఖాళీ అయిపోయింది. రెండు వందల మందిలో అది చూసింది నేనొక్కదాన్నే. తర్వాత వాడి కళ్ళు ముందు వరస వైపు తిరిగాయి. అమ్మ వైపో నా వైపో నాకు తెలియదు. లేచాడు. తూలుతూ సరిగ్గా ఎక్కడ పడాలో అక్కడికే నడిచి పడ్డాడు. కెప్టెన్ తాళ్ళెక్కి, చేతులు చాపి దూకాడు. ఒకటి, రెండు, మూడు.

కెప్టెన్ పాట మొదలైంది. వీడ్కోలు కదా, వాడు హాలంతా తిరిగి అందరికీ చేతులు కలుపుతున్నాడు. పాట అయిపోగానే ప్రసన్నకుమార్ దాన్ని మళ్ళీ మొదటినుంచి పెట్టాడు.

“అయిపోయిందా బిడ్డా? మావోడు లేస్తలేడేంది?”

“ఓడిపోయాడమ్మా.”

“ఓడితె ఓడిండు. లేస్తలేడేంది?”

ఇదంతా ఆటేనమ్మా, వాడికేం కాలేదు అని చెప్పాలి. మామూలు మనిషెవరైనా చెబుతారు. హాల్లో కూర్చుని ఆ మాట నోట్లోంచి రానివ్వకూడదని ముప్పై ఏళ్ళుగా నాకొక పట్టింపు. చెప్పలేదు. కాసేపు ఆగితే లేస్తాడులెమ్మనుకున్నాను.

ఆవిడ ఆగలేదు. ఉత్తకాళ్ళతో పరిగెత్తింది. తాళ్ళ కిందనుంచి పాక్కుంటూ రింగులోకి వెళ్ళి కొడుకు తల ఒళ్ళో పెట్టుకుంది. “కొడకా భిక్షం, లే కొడకా. కండ్లు తెరువు. అమ్మనురా, నీ అమ్మను,” అని చెంపల మీద కొడుతోంది. వాడు కదలడు. గుండెలు బాదుకుంది. రిఫరీ దగ్గరికొస్తే తోసేసింది. “సంపిన్రు నా కొడుకును, సంపిన్రు,” అని హాలు దద్దరిల్లేలా ఏడ్చింది.

జనం ఇది కూడా ఆటలో భాగమే అనుకున్నారు. ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు, రెండు వందల ఫోన్లు పైకి లేచాయి. “అమ్మ యాక్టింగ్ ఇరగదీసింది రా,” అని నా వెనక ఎవడో అరిచాడు.

నేను భిక్షపతినే చూస్తున్నాను. ఊపిరి కూడా తెలియనివ్వడం లేదు. తల్లి కన్నీళ్ళు మొహం మీద పడుతుంటే రెప్ప అదరలేదు. ఒక్కసారి ఎడమ చేతి వేళ్ళు ముడుచుకున్నాయి. అర మార్కు తీసేద్దామా అనుకుని, వెంటనే వదులు చేశాడు కాబట్టి ఊరుకున్నాను. పాట రెండోసారి పూర్తయ్యేదాకా, నాలుగు నిమిషాలు, వాడు అలాగే ఉన్నాడు.

పాట ఆగింది. కళ్ళు తెరిచి లేచి కూర్చున్నాడు. “ఏం గాలేదే అమ్మా,” అన్నాడు.

అండాలమ్మ వాడి మొహంలోకి చూసింది. ఒళ్ళంతా తడిమింది, ఎక్కడా దెబ్బ లేదు. చుట్టూ నవ్వుతున్న జనాన్ని చూసింది. మెల్లగా తాళ్ళు పట్టుకుని దిగి, నా దగ్గరికొచ్చి కుర్చీ కిందున్న చెప్పులు వేసుకుంది. ఎల్బీ నగర్లో నల్గొండ బస్సెక్కి వెళ్ళిపోయిందని తర్వాత తెలిసింది.

ఆ వీడియో నాలుగు లక్షల మంది చూశారు. ఆవిణ్ణి ప్రతి ఆటకీ రప్పిద్దామా అని ప్రసన్నకుమార్ నన్ను అడిగాడు. ఒకసారైతే ఆట, రెండోసారి సినిమా అవుతుంది, వద్దన్నాను. నేను మాత్రం ఇంకా మార్కులు రాయలేదు. మూడు రోజులు పేజీ తెరవడం, మూసేయడం.

బుధవారం సాయంత్రం భిక్షపతి మా ఇంటికొచ్చాడు. కోచింగ్ సెంటర్లు వదిలే వేళ, కింద రోడ్డు మీద నడవడానికి సందు లేదు. పనిలోంచి అలాగే వచ్చినట్టున్నాడు, చేతులకు గ్రీసు. కూర్చోమంటే కూర్చోలేదు.

“ఆట ఎందుకు మార్చారని అడగడానికొచ్చావా?” అన్నాను.

“లేదు మేడమ్. ప్రసన్న సార్ ఎట్ల రాస్తే అట్ల. మీరింక మార్కులు పెట్టలేదు గదా, అడుగుదామని ఒచ్చిన.” తల వంచుకుని గ్రీసు గోళ్ళతో గీకాడు. “అమ్మ మాట్లాడుతలేదు మేడమ్. ఫోన్ జేస్తే కట్ జేస్తుంది.”

తిట్టడానికి వచ్చి ఉంటే బాగుండేది. తిడితే నా దగ్గర సమాధానం ఉంది.

“పది,” అన్నాను.

“ఆఁ?”

“పదికి పది. ఇంతవరకు ఎవరికీ వేయలేదు.”

ముప్పై నాలుగేళ్ళ మనిషి మొహం ఒక్కసారిగా చిన్నపిల్లాడి మొహమైపోయింది. గ్రీసు చేతులతోనే దండం పెట్టాడు. “నిజమేనా మేడమ్? పది అంటే గెలిచినట్టే గదా మేడమ్?” కళ్ళు తుడుచుకున్నాడు, బుగ్గ మీద నల్లగా మరకైంది. “గీ మాట అమ్మకు మీరే జెప్పుండ్రి. మీరు సదువుజెప్పే మేడమ్, మీరు జెప్తె ఇంటది. మీ ఫోన్ల నుంచి జేస్తే ఎత్తుతది.”

నంబరు వాడే నొక్కాడు. నాలుగుసార్లు మోగాక ఎత్తింది. నేనెవరో చెప్పాను. మీవాడు ఆడింది గొప్ప ఆటమ్మా, అది మామూలువాళ్ళ వల్ల కాదమ్మా అని మొదలుపెట్టాను. ఆవిడ మధ్యలోనే ఆపింది.

“ఆటనో గీటనో నాకొద్దు బిడ్డా. మా ఊరి పోరగాండ్లు ఫోన్ల సూపెట్టి అంత జెప్పిన్రు. నాకు ఒక్కటి జెప్పు. నేను గంతగనం ఏడ్సుకుంట ఒర్లుతుంటె, ఆనికి ఇనబడ్డదా, ఇనబళ్ళేదా?”

భిక్షపతి నా ఎదురుగా నిలబడి నవ్వుతున్నాడు. వాడికి అవతలి మాటలు వినిపించడం లేదు.

వినబడలేదమ్మా, దెబ్బకు సొమ్మసిల్లాడు అనాలి. అంతే. ఆవిడకి కావలసింది ఆ ఒక్క ముక్కే, దాంతో కొడుకుని దగ్గరికి తీసుకుంటుంది. కాని వినబడకుండా పడుకుంటే అందులో గొప్పేముంది? సొమ్మసిల్లినవాడికి నేను పది ఎలా వేస్తాను? నా నోటికి ఆ అబద్ధం రాలేదు.

“వినబడిందమ్మా,” అన్నాను. “మొదటి పిలుపు నుంచీ ప్రతి మాటా వినబడింది. అందుకే పది వేశాను.”

ఆవిడ ఫోన్ పెట్టేసింది.

“ఏమన్నది మేడమ్?” భిక్షపతి ముందుకి వంగాడు. “ఖుష్ అయిందా?”

అప్పుడు నాకు సిగ్గేసింది, ముప్పై ఏళ్ళలో మొదటిసారి. వాడి మొహం అలా చూస్తూ నిజం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

“అయింది,” అన్నాను.

“అయితే ఇప్పుడే పోత మేడమ్. ఎల్బీ నగర్ల ఆరున్నర బస్సు దొరుకుతది. ఏదన్న స్వీట్ గొనుక్కపోత,” అంటూ చెప్పుల్లో కాళ్ళు సరిగా పెట్టకుండానే మెట్లు దిగాడు. బాల్కనీలోంచి చూస్తే జనంలో పరిగెడుతూ కనిపించాడు. ఇంకా పిలిస్తే వినబడేంత దూరంలోనే ఉన్నాడు. నేను పిలవలేదు.